పాచికి మూసిన కిటికీ

పాచి ఎందుకొస్తోందో తేలిపోయిందని భర్త ప్రకటించే వేళకి ఆమె చేతిలో ఎవరో పెద్దాయన తాలూకు పై పలువరుస ఉంది. గులాబీరంగు మైనపు చిగుళ్ళలో పళ్ళు ఒక్కొక్కటే గుచ్చుతోంది. కోరపన్ను కొంచెం లోపలికి తిరిగినట్టనిపించి, సన్నకత్తిని స్పిరిట్ దీపం మీద వేడిచేసి, పన్ను మొదట్లో మైనం కరిగించి, బొటనవేలితో వెంట్రుకవాసి బయటికి నెట్టింది. తల ఎత్తలేదు. ఆ ఇంట్లో పాచి సంగతి తేలిపోవడం అదేం మొదటిసారి కాదు.

మొదట్లో చేపలకి మేత ఎక్కువైందన్నాడు. చేపల్ని పస్తులు పెట్టాడు. అవి చిక్కాయి, పాచి బలిసింది. తర్వాత నీళ్ళలో కదలిక చాలదన్నాడు. కొత్త మోటారు తెచ్చిపెట్టాడు. మోటారు మీద కూడా పాచి పట్టింది. పచ్చటి జుట్టులాంటి పాచి అది. రాళ్ళ మీద, గాజు మీద, ఇసుక మీద, ఆఖరికి పాచి తింటుందని కొనుక్కొచ్చిన నత్త వీపు మీద కూడా మొలిచింది. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళేముందు ఆయన తన పళ్ళు సరిగ్గా తోముకుంటాడో లేదో గానీ రాళ్ళు తోమడం మాత్రం మానడు. అదీ టూత్‌బ్రష్షుతోనే. చొక్కా విప్పి, చంకదాకా చెయ్యి నీళ్ళలో పెట్టి, రాయి రాయికీ బ్రష్షు పట్టించి, ఊడిన పాచిని సన్నగొట్టంతో బయటికి లాగుతాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గాజు మీద మళ్ళీ పచ్చటి పొర. ఆయన పడే బాధ నిజమైనదే, కాదనడానికి లేదు. ఆ బాధ ఎవరి నెత్తిన రుద్దుదామా అని చూడటమే వచ్చిన చిక్కు.

హాల్లో ఒక గోడ పొడుగునా ఉంటుంది ఆ గాజుతొట్టి. ఉప్పునీళ్ళ తొట్టి. వడగట్టిన నీళ్ళలో పొట్లాల ఉప్పు కొలిచి కలిపి, సముద్రాన్ని ఇంట్లో తయారుచేసుకునే వ్యవహారం. అందుకే వీధిలో అందరూ ఆయన్ని సముద్రం అంటారు. మొహం మీద అన్నా ఆయనకి కోపం రాదు. పైగా కాస్త గర్వం. ఆమెకీ వీధివాళ్ళు పేరు పెట్టారు. కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది కాబట్టి పళ్ళావిడ. ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని సంచి పట్టుకుని అరటిపళ్ళకి వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

"కిటికీ," అన్నాడు సముద్రం.

ఆమె అప్పుడు తల ఎత్తింది.

"మా చేపల గ్రూపులో ఒకాయన ఫోటో చూసి ఒక్క ముక్కలో చెప్పేశాడు. తొట్టి మీద పగటి వెలుతురు పడుతోంది. పాచికి అంతకన్నా ఏం కావాలి? తెర కట్టి చీకటి చేస్తే చచ్చూరుకుంటుంది."

"కిటికీ ఇవాళ పెట్టింది కాదుగా. తొట్టి వచ్చినప్పట్నించీ ఉంది. పాచి మొన్న మొన్న మొదలైంది."

"ఇన్నాళ్ళూ ఫాస్ఫేటు లేదు. ఇప్పుడుంది. దానికి వెలుతురు తోడైంది. నీకు చెప్తే అర్థం కాదు."

ఫాస్ఫేటు అన్న మాట ఆమెకి కొత్తది కాదు. వారం వారం ఆయన చిన్న గాజుగొట్టంలో తొట్టినీళ్ళు పట్టి, మందుచుక్కలు వేసి, కిటికీ దగ్గరికొచ్చి ఆడిస్తాడు. నీళ్ళు నీలం తిరిగితే ఫాస్ఫేటు ఉన్నట్టు. అదే పాచికి ఎరువు. కొన్నాళ్ళుగా ఆ నీళ్ళు సిరాలా తిరుగుతున్నాయి. ఎక్కణ్ణించి వచ్చి పడుతోందో ఆయనకి అంతుపట్టడం లేదు.

"మరి నా పని?" అంది.

"వంటింటి పక్క సందులో ట్యూబులైటు లేదూ? ఇక్కడికన్నా అక్కడే వెలుగెక్కువ. కొన్నాళ్ళు సర్దుకో."

సర్దుకో అన్న మాట ఆ ఇంట్లో ఒక మనిషికే వాడతారు. ఆ మనిషి బల్ల వైపు చూసుకుంది. మైనం బిళ్ళలు, సన్నకత్తులు, ప్లాస్టర్ దవడలు, పక్కన షేడ్ గైడు. షేడ్ గైడంటే రంగు రంగుల నమూనా పళ్ళు వరసగా గుచ్చిన పట్టీ. పన్నంటే తెలుపే కదా అనుకుంటారు చూడనివాళ్ళు. తెలుపులోనే పసుపుంది, బూడిదుంది, ఎరుపు జీర ఉంది. అవి విడివిడిగా కనబడేది ఎండ నేరుగా పడని పగటి వెలుతురులోనే. ఆ ఇంట్లో అలాంటి వెలుతురు వచ్చే చోటు ఆ ఒక్క కిటికీ. పళ్ళ డాక్టరమ్మ ఊళ్ళో ఇంకెవరికీ ఇవ్వకుండా పని తనకే పంపడానికి కారణం కూడా ఆ కిటికీయే. నీ చేతి పన్ను పక్కవాడికి తెలియదమ్మా అంటుంది ఆవిడ.

ఇదంతా చెప్పచ్చు. ఇదివరకు చెప్పింది కూడా. ఇప్పుడు చెప్పే ఓపిక లేకపోయింది.

తొట్టికెదురుగా పడక్కుర్చీలో కూర్చున్న మామగారు చేపల మీంచి చూపు తిప్పకుండానే నవ్వుతూ అన్నాడు. "వాడిది పాచి, నీది పళ్ళు. ఎవడు కుదిర్చాడో గానీ మంచి సంబంధం."

"ఆ నవ్వే పళ్ళు నేను చేసిచ్చినవే మామయ్యగారూ. గుర్తు పెట్టుకుని నవ్వండి."

"అందుకే కదమ్మాయ్, ధైర్యంగా నవ్వుతున్నా."

ఆ సాయంత్రమే సముద్రం రెండు పొరల నల్లతెర తెచ్చి, కిటికీ చుట్టూ మేకులు కొట్టి తగిలించాడు. బల్లని తనే ఒక పక్క పట్టుకుని సందులోకి మోశాడు. గోడకి తగిలి ఒక ప్లాస్టర్ దవడ కిందపడి ముక్కలైతే, "అయ్యో, ఎవరిదది?" అని నిజంగానే బాధపడ్డాడు. మనిషి చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఆమెకి పోట్లాడటం తేలికయ్యేది.

సందులో బల్ల పట్టింది గానీ మోచేతులు పట్టలేదు. ఒక పక్క గోడ, ఇంకో పక్క వంటింటి తలుపు. ఎవరు మంచినీళ్ళకి వెళ్ళినా ఆమె కుర్చీ ముందుకి జరుపుకోవాలి. ట్యూబులైటు నెత్తి మీదే ఉండటంతో ఆమె తలనీడ ఆమె చేతుల మీదే పడేది. తల పక్కకి పెట్టుకుని పనిచేయడం అలవాటు చేసుకుంది. రెండోరోజుకి మెడ పట్టేసింది.

అప్పుడామె బల్ల మీద ఒక బస్సు కండక్టరు పన్ను ఉంది. ముందు పన్ను, ఒక్కటే. మొత్తం పలువరుస చేయడం కన్నా ఒంటి పన్ను చేయడం కష్టం. పలువరుసలో అన్నీ కట్టుడువే కాబట్టి ఒకదాన్ని ఒకటి పట్టివ్వవు. ఒంటి పన్ను పక్కన మాత్రం సొంత పళ్ళు సాక్షుల్లా నిలబడి ఉంటాయి. డాక్టరమ్మ రంగు నెంబరు పంపింది గానీ ఆ నెంబరు ఒక దారి చూపేదే, తక్కింది కంటితో చూసుకోవాలి. ఆమె డబ్బాలోంచి నాలుగు పళ్ళు ఏరి, ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసింది. నాలుగూ ఒకలాగే కనబడ్డాయి. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. చివరికి ఒకటి తీసుకుని, అంచు అరగదీసి, అంగిలికి అమిరే ప్లేటుకి అతికించి, మెరుగుపెట్టి పంపేసింది. పంపిన తర్వాత కూడా ఆమెకి ఆ పని అయిపోయినట్టు అనిపించలేదు.

మర్నాడు ఒక పాత అచ్చుకి నకలు తీయాల్సి వచ్చింది. దానికి వాడే పొడి ఒకటుంది. నీళ్ళలో కలిపితే ముద్దై, చూస్తూండగానే రబ్బరులా గట్టిపడుతుంది. గాలి తగిలితే పాడవుతుందని ఆ పొడిసంచిని మూతున్న బూడిదరంగు బకెట్లో పెట్టి, వెనక వరండాలో ఉంచుకుంటుంది. సంచి మూతి ఎంత మడిచినా పొడి అడుగున రాలుతూనే ఉంటుంది. ఆమె మూత తీసి సంచి ఎత్తితే బకెట్టు అడుగు తడిగా ఉంది. రాలిన పొడి అడుగున పేస్టులా అంటుకుపోయి ఉంది. పైన లోపలి అంచు చుట్టూ తెల్లటి చార ఎండి ఉంది. ప్లాస్టరేమో అనుకుని గోటితో గీకింది. ప్లాస్టరులా లేదు. నాలిక చివర పెట్టి చూసింది.

ఉప్పు.

ఆమె అక్కడే, పంపు గట్టు మీద కూర్చుండిపోయింది. బకెట్టుకి లోపల లీటర్ల గీతలున్నాయి. సముద్రం తన బకెట్టు చెవి ఊడిపోయిందని పాచి మొదలయ్యే ముందే సణిగాడు. ఆ తర్వాత ఉప్పునీళ్ళు దేన్లో కలుపుతున్నాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక అచ్చేసిన చిన్న అక్షరాలు చదివింది. వాటి మధ్యలో, రోజూ పొద్దున్నే భర్త నోట వినే మాట ఉంది. ఫాస్ఫేటు.

ముందు నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కణ్ణించి, ఎక్కణ్ణించి అని ఆయన నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, అది వస్తున్నది ఈ బకెట్లోంచి. తన చేత్తో తనే ఎరువు కలిపి పోసి, మర్నాడు పొద్దున తనే బ్రష్షు పట్టుకుని తోముతున్నాడు. పరిగెత్తుకెళ్ళి చెప్పేద్దామని లేచింది కూడా. కిటికీకి ఏ పాపం తెలియదండీ, తెర పీకేయండి అని.

రెండడుగులు వేసి ఆగిపోయింది.

చెప్తే ఆయన ఏమంటాడో ఆమెకి మాటమాటగా వినబడింది. అయితే నీ పనివల్లే అన్నమాట. కిటికీ ఒక్కటే అనుకున్నా, నీ పొడే కారణమన్నమాట. మందులూ పొడులూ ఇంట్లో పెట్టుకుని చేసే పనేనా ఇది, బయటెక్కడైనా చూసుకో. బయట చూసుకునే స్తోమత ఉంటే ఆమె ఎప్పుడో చూసుకునేది. కిటికీ కోసం నోరు తెరిస్తే బల్లే పోయేట్టుంది. నోరు మూసుకుంటే కిటికీ పోతుంది, బల్ల మిగులుతుంది. తను తప్పు చేయలేదు, ఆయనా కావాలని చేయలేదు. అయినా నిజం చెప్పడానికి ఇంతగా బెదరాల్సి రావడం ఆమెకి చాలా అవమానంగా అనిపించింది. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా బరువెక్కినట్టు విసుగొచ్చింది.

ఆ మధ్యాహ్నం వీధి చివరి కొట్టుకి వెళ్ళి నీలం బకెట్టు కొనుక్కొచ్చింది. దానికీ లోపల గీతలున్నాయి. దాన్ని తొట్టి పక్కన ఉప్పు పొట్లాల దగ్గర పెట్టి, తన బూడిదరంగు బకెట్టుని సందులో బల్ల కింద, కాళ్ళ మధ్యకి నెట్టుకుంది.

మామగారు కుర్చీలోంచి అంతా చూశాడు.

"అది వాడి బకెట్టు కాదే."

"ఇవాళ్టినించీ అదే."

"మరి పాతది?"

"పాతది నాది మామయ్యగారూ. నా దగ్గరే ఉంది."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఏదో ఉందని గ్రహించాడు, ఏముందో అడగలేదు. "నాకీ మధ్య బకెట్లన్నీ ఒకలాగే కనబడుతున్నాయిలే," అని చేపలవైపు తిరిగాడు.

సాయంత్రం సముద్రం వచ్చి చెప్పులు విప్పుతూనే చూశాడు. "ఇదెక్కడిది?"

"కొన్నాను. మీకొకటి ఉండాలిగా."

"నీది బాగానే ఉండేదే. నాది విరిగినప్పట్నించీ దాంతోనే లాక్కొస్తున్నా."

"దాన్లో నా పొడిసంచి ఉంటుందండీ."

"సంచి తీసి పక్కన పెట్టి, కడుక్కునే వాడేవాణ్ణి. మరీ అంత తెలివితక్కువవాడిలా కనబడుతున్నానా?"

అదుగో, అప్పుడు చెప్పాలి. అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాదు. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన అప్పటికే చొక్కా విప్పి, బ్రష్షు పట్టుకుని, తొట్టి మీదికి వంగాడు. వీపు మీద చెమట, మెడ దగ్గర ఎముకలు. పొద్దుటినించీ ఆఫీసులో ఎవరి చేతనో మాటలు పడి వచ్చి, ఇంటికి రాగానే రాళ్ళకి పళ్ళు తోమే మనిషి. ఆమె గిన్నెలు సర్దడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పాచి ఒక్కరోజులో పోలేదు. ముందు గాజు మీద పొర పలచబడింది. ఉదయం తుడిస్తే సాయంత్రానికి కాక, మర్నాటికి గానీ పట్టడం లేదు. తర్వాత రాళ్ళ మీద జుట్టు పాలిపోయి, మొదళ్ళు వదులై, బ్రష్షు తగిలితే కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చింది. పస్తులున్న పసుపు చేప మిగిలినదాన్ని రోజంతా పీక్కుతింటూ తిరిగింది. ఎన్నాళ్ళకో రాళ్ళ మీద అసలు రంగు, ఊదా మరకలు, కనబడ్డాయి. సముద్రం గాజుగొట్టంలో నీళ్ళు ఆడించి, దీపం కింద పట్టుకుని, ఇంట్లో ఉన్న ఇద్దరికీ తిప్పి తిప్పి చూపించాడు. నీలం దాదాపు లేదు.

"చూశావా తెర మహిమ?" అన్నాడు ఆమెతో.

"చూశాను."

"నువ్వేమో కిటికీ ఇవాళ పెట్టింది కాదుగా అన్నావు."

ఆమె తెర వైపు చూసింది. తను చేసిన పని తన మెడకే చుట్టుకుందని ఆ క్షణంలో అర్థమైంది. బకెట్టు మార్చకుండా ఉంటే పాచి అలాగే ఉండేది, తెరవల్ల లాభం లేదని ఆయనే విసుగెత్తి పీకేసేవాడు. ఇప్పుడు పాచి పోయింది, పేరు తెరకొచ్చింది. కిటికీ మీద నేరం రుజువైపోయింది. ఆ తెలివి ముందే ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. మళ్ళీ, ఆ చేపలు మాత్రం ఏం పాపం చేశాయి అని కూడా అనుకుంది.

సెలవురోజున గ్రూపువాళ్ళు ఇద్దరు తొట్టి చూడటానికి వచ్చారు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని గాజుకి ముక్కులానించి, ఎవరింట్లోనో పసిపిల్లని చూస్తున్నట్టు మురిశారు. సముద్రం ఒంటికాలి మీద నిలబడి మరీ చెప్పాడు. మేతలు తగ్గించడం, మోటార్లు మార్చడం, ఇవన్నీ దండగ, వెలుతురు ఒక్కటి ఆపితే చాలు అన్నాడు. ఇద్దరిలో పొడుగాయన కిటికీ దగ్గరికెళ్ళి తెర అంచు ఎత్తి చూసి, "ఇలా పక్కలనించి వెలుతురు కారుతూనే ఉంటుంది సార్. ప్లైవుడ్ చెక్క కొట్టించేయండి, శాశ్వతంగా పీడా పోతుంది," అన్నాడు.

ఆమె టీ కప్పులు తెచ్చి టీపాయ్ మీద పెడుతోంది. ఒక కప్పు పొర్లి సాసర్లోకి ఒలికింది.

"మంచి మాట," అన్నాడు సముద్రం. "మా వడ్రంగికి రేపే చెప్తా."

ఇద్దరూ వెళ్ళాక మామగారు అన్నాడు. "ఒరే, ఆ పిల్ల పనిచేసుకునే చోటురా అది."

"సందులో బాగానే చేసుకుంటోంది నాన్నా. ఎప్పుడైనా ఇబ్బందంటే చెప్పిందా?"

మామగారు కోడలివైపు చూశాడు. ఆమె ఒలికిన టీ తుడుస్తోంది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ ఫోను చేసింది. అరవలేదు. ఆవిడ ఎప్పుడూ అరవదు, అందుకే ఇంకా కష్టం.

"కండక్టరు ఇన్నాళ్ళకి వచ్చి పెట్టించుకున్న పన్ను తిరిగొచ్చిందమ్మా. లోపల బాగానే ఉందనుకున్నాం, బయటికెళ్ళి అద్దంలో చూసుకుని వెనక్కొచ్చాడు. పసుపుపచ్చగా ఉంది. జొన్నగింజ పెట్టినట్టుంది. నీ చేత్తో ఇలా ఎప్పుడూ రాలేదు. ఏమైంది, కళ్ళేమైనా ఇబ్బంది పెడుతున్నాయా?"

"కళ్ళు బాగానే ఉన్నాయండీ."

"మరి?"

"వెలుతురు సరిపోలేదు."

"నాకు నువ్వు కావాలి. కానీ వచ్చేవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి కదా. ఇంకోచోట కూడా అడిగి ఉంచమని మా ఆయన అంటున్నారు. ఇది ఒక్కటి సరిచేసి చూపించు."

"ఆయన్ని ఇంటికి పంపండి. పక్కన కూర్చోబెట్టుకుని రంగు చూస్తాను. పగలే రమ్మనండి."

ఫోను పెట్టేసి ఆమె కాసేపు సందులో నిలబడింది. బల్ల కింద బకెట్టు, నెత్తి మీద ట్యూబులైటు. పని పోతుంది అనుకుంది. కిటికీ ఇచ్చి బల్ల నిలుపుకున్నాననుకుంది ఇన్నాళ్ళూ. వెలుతురు లేని బల్ల ఉండీ ఒకటే, లేకా ఒకటే.

కండక్టరు డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. నలభై దాటిన భారీ మనిషి. గుమ్మంలో నిలబడి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

"క్షమించండి మేడమ్, వంక పెట్టాలని కాదు. మా ఆవిడ చూసి, ఎవరి పన్ను పెట్టుకొచ్చావని అడిగింది."

"తప్పు నాదేనండీ. రండి."

"అది తీసేసి పన్ను లేకుండా డ్యూటీకి వెళ్దామంటే ఇంకో తంటా. ఆగు అందామని నోరు తెరిస్తే పళ్ళ సందులోంచి ఈల వస్తోంది. డ్రైవరు రైట్ అనుకుని బండి లాగించేస్తున్నాడు. ఒక ముసలమ్మ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు. ఎన్ని తిట్లు తిట్టిందో."

మామగారు పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత వచ్చిన ఆ నవ్వుకి ఆమెకే ఆశ్చర్యమేసింది.

హాలు మధ్యాహ్నం వేళ కూడా సాయంకాలంలా ఉంది. తొట్టిలో నీలం దీపం ఒక్కటే వెలుగు. ఆ వెలుగులో కండక్టరు పళ్ళన్నీ నీలంగా ఉన్నాయి. ఆమె కిటికీ దగ్గరికెళ్ళి తెర అంచు పట్టుకుంది. కింది మేకులు రెండు ఊడదీసి, ఆ వరస మొత్తం లాగేసింది. బట్ట చిరిగిన చప్పుడుకి చేపలు రాళ్ళ వెనక్కి పోయాయి. వెలుతురు నేల మీద, కుర్చీ మీద, మామగారి పాదాల మీద పడింది. "అబ్బ," అన్నాడాయన, కళ్ళు చికిలించి.

కుర్చీ కిటికీ పక్కకి జరిపి కండక్టరుని కూర్చోబెట్టింది. మెడ చుట్టూ తెల్లబట్ట కప్పింది, ఖాకీ రంగు మొహం మీదికి రాకుండా. పెదవులు తడిపించింది. ఎండిన పన్ను అసలు రంగు చూపించదు. షేడ్ గైడు తెచ్చి, ఒక్కో నమూనా పన్ను ఆయన సొంత పన్ను పక్కన పెట్టి, కళ్ళు సగం మూసి చూడటం మొదలుపెట్టింది. పన్ను మొదలు దగ్గర కూడా పసుపు కాదు, బూడిద. అంచు దగ్గర గాజులా పలచన. నమిలే అలవాటేదో ఉంది, ఒక మూల అరిగింది. ఇవన్నీ ఒక్కసారిగా కనబడుతుంటే ఆమెకి ఆకలేసినప్పుడు అన్నం ముందు కూర్చున్నట్టనిపించింది.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. సముద్రం సగం రోజు సెలవు పెట్టి, వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చాడు. వడ్రంగి చంకలో ప్లైవుడ్ చెక్క ఉంది.

సముద్రం ఒక్క క్షణం గుమ్మంలో ఆగి, వేలాడుతున్న తెరనీ, వెలుతురునీ, కుర్చీలో నోరు తెరుచుకున్న పరాయి మనిషినీ చూశాడు. తర్వాత నేరుగా కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"తెర ఎవరు తీశారు?"

"నేనే."

"ఎన్ని తంటాలు పడితే పోయిందో తెలుసుగా. మళ్ళీ మొదటికి తేవాలనా?"

కండక్టరు లేవబోయాడు. ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. చేతిలో నమూనా పన్ను అలాగే ఉంది. ఆమె గొంతు పెంచలేదు, అంత ఓపిక కూడా లేదు.

"పాచి కిటికీవల్ల రాలేదండీ. నా పొడివల్ల వచ్చింది. సంచి ఉండే బకెట్లో మీరు ఉప్పు కలిపారు. మీరు కడిగానన్నా అడుగున పొడి ఉండిపోయింది, దాన్లో ఫాస్ఫేటుంది, సంచి మీద రాసే ఉంది. నాకు తెలిసిన రోజునే కొత్త బకెట్టు కొన్నాను. అందుకే పోయింది. తెరకీ దానికీ ఏ సంబంధం లేదు."

వడ్రంగి చెక్కని మెల్లగా గోడకి ఆనించి, ఎప్పుడూ చూడనట్టు చేపల్ని చూడసాగాడు. సముద్రం తొట్టి వైపు చూశాడు, నీలం బకెట్టు వైపు చూశాడు. లోపల ఏవేవో లెక్కలు కలిసినట్టు మొహం మారింది. కానీ మాట వేరేగా వచ్చింది.

"అంటే నీ పనివల్లేగా. తిప్పి తిప్పి అదేగా తేలింది."

ఇన్నాళ్ళూ ఆమె దాక్కున్నది ఆ మాటకే. రాత్రీ పగలూ ఎన్నిసార్లో ఊహించుకుంది. తీరా చెవిన పడ్డాక, ఇంతేనా అనిపించింది.

"అవును, నా పనివల్లే. తెలిసీ మీకు చెప్పలేదు, అది కూడా తప్పే. చెప్తే పని బయట పారేయమంటారని భయపడ్డాను. చీకట్లో కూర్చుని చేసి ఈయనకి జొన్నగింజలాంటి పన్ను పెట్టాను. ఇంక అలా చేయలేను. పొడిసంచి నా బల్ల కింద ఉంటుంది, మీరు ముట్టుకోకండి. పని మాత్రం ఇక్కడే, ఈ కిటికీ దగ్గరే చేస్తాను."

సముద్రం ఏదో అనడానికి నోరు తెరిచాడు.

"మీరు చెప్పేది తర్వాత వింటాను," అంది ఆమె. "ముందు కొంచెం పక్కకి జరగండి. ఆయన మొహం మీద నీడ పడుతోంది."

ఆయన కిందికి చూశాడు. కిటికీకి అడ్డంగా నిలబడ్డ తన భుజాల నీడ కండక్టరు నోటి మీద నల్లగా పరుచుకుని ఉంది. ఒకడుగు పక్కకి వేశాడు.

"ఇంకొంచెం."

ఇంకో అడుగు వేసి, తొట్టికి వీపు ఆనించి నిలబడ్డాడు. కండక్టరు మొహం మీదికి వెలుతురు తిరిగొచ్చింది. కాసేపటికి వడ్రంగి గొంతు సవరించుకుని, "మరి ఈ చెక్క ఎక్కడ కొట్టమంటారండీ?" అని అడిగాడు.

సముద్రం చెక్క వైపు, కిటికీ వైపు చూశాడు.

"ఉండవయ్యా," అన్నాడు చివరికి. "ఆవిడ పని చేసుకుంటోంది, కనబడట్లేదా?"

ఆమె తల తిప్పి చూడలేదు. చేతిలో ఉన్న నమూనాని పన్ను పక్కన పెట్టింది. కలవలేదు. గైడులోంచి ఇంకోటి తీసింది.